నలభై ఒకటో లైను

ఖతార్‌లో అల్ రువైస్ నుంచి సముద్రానికి వీపు పెట్టి ఇరవై నిమిషాలు లోపలికి పోతే ఒక రాళ్ళ క్వారీ వస్తుంది. దానికి పడమటగా చిన్న మిట్ట. మిట్ట దాటాక ఒక నేల. అక్కడ చెట్టూ లేదు, చేమా లేదు. పాడుబడ్డ గోడా లేదు, పూడిన బావీ లేదు. దెయ్యం అన్నాక కాపరానికి ఏదో ఒక ఆసరా ఉండాలి గదా... ఇక్కడ అదీ లేదు. ఉన్నదల్లా బూడిదరంగు నేలా, చితికిన రాయీ, గాలీ.

అయినా ఆ నేలకి చెడ్డపేరు వచ్చేసింది.

చీకటి పడ్డాక మిట్ట దాటొద్దు — టిప్పర్ డ్రైవర్ల మాట ఇది. ఒక డ్రైవరు అక్కడ బండి ఆపి దిగితే, ఎవరో రాయి మీద రాయి పెడుతున్న చప్పుడు వినపడిందట. టక్... టక్... తిరిగి చూస్తే ఎవరూ లేరు. ఒక నేపాలీ ఆపరేటరుకి దీపం కనపడిందట. నేలకి జానెడు ఎత్తున, ఒక్కటే. గాలి హోరుమంటున్నా వణకని దీపం. వాడికి మూడు రోజులు జ్వరం. అది ఎండకి వచ్చిన జ్వరమేమో అని ఎవరూ అడగలేదు. అడిగితే కథ పాడైపోతుంది మరి.

తమాషా ఏంటంటే, ఈ చెడ్డపేరు పాతదేమీ కాదు. మొన్న జూన్ తర్వాత పుట్టిందే. అంతకుముందు అక్కడ మేకలు తిరిగేవి, ఎవరికీ ఏదీ కనపడలేదు. దెయ్యాలు కూడా కంపెనీ వచ్చాకే డ్యూటీలో చేరతాయి కాబోలని క్యాంపులో నవ్వుకునేవాళ్ళు.

విద్యాసాగర్ మాత్రం నవ్వేవాడు కాదు.

అతను ఆ క్వారీలో సర్వేయరు. గుడ్లవల్లేరు దగ్గర పల్లె. ఖతార్ వచ్చి పదకొండేళ్ళు. భార్య తెరెసా, ఎనిమిదో క్లాసు చదివే కూతురు అల్ వుకైర్‌లో ఫ్లాటులో ఉంటారు. అతను వారమంతా క్యాంపులో ఉండి గురువారం సాయంత్రం ఇంటికి చేరతాడు. నెమ్మదస్తుడు. పని దగ్గర ఒకరితో మాట పడడు. ఇలాంటి మనిషి అబద్ధం ఆడాడంటే ఎవరూ నమ్మరు.

ఆడాడు. ఒక్కసారి. అది కూడా జూన్‌లోనే. ముందు ఆ సంగతి చెప్పాలి.

క్వారీని పడమటికి పెంచడానికి కంపెనీకి ఒక షరతు పెట్టారు. ఆ నేల మీద పూర్వపు మనుషుల సమాధులేమైనా ఉన్నాయేమో చూడాలి. ఉంటే గుర్తుపెట్టి, చేత్తో జాగ్రత్తగా తవ్వి, ఎముకలు తీసి భద్రపరిచాకే యంత్రం దిగాలి. సమాధులంటే పేర్లు చెక్కిన పలకలు కాదు, ఉత్త రాళ్ళ కుప్పలు. రెండు వేల ఏళ్ళ పైమాటే అనేది ఇంద్రజ మేడం. ఆవిడ హైదరాబాదు మనిషి. పురావస్తు శాస్త్రం చదివి, ఇలాంటి సర్వేలు చేసే ఆఫీసులో దోహాలో పనిచేస్తుంది.

మే నెలాఖరు నుంచి ఆవిడా విద్యాసాగరూ ఆ నేలంతా నడిచారు. పది మీటర్లకి ఒక లైను చొప్పున, దువ్వెనతో తల దువ్వినట్టు నలభై ఒక్క లైన్లు. ఒకదాంట్లో పోవడం, పక్కదాంట్లో రావడం, కళ్ళు నేల మీదే. కుప్ప కనపడితే మేడం మోకాళ్ళ మీద కూర్చుని చూసేది. సమాధి అని తేలితే ఎర్రజెండా, దానికో నంబరు. విద్యాసాగర్ తన జీపీఎస్ కర్ర ఆనించి ఆ చోటుని మ్యాపులోకి ఎక్కించేవాడు. ఎర్రజెండా ఉన్నచోట డోజర్ ఆగుతుంది. నేల ఖాళీ అని కొట్టే పచ్చమేకు ఉన్నచోట ఆగదు.

ఇరవై మూడు సమాధులు తేలాయి. ఒకదాన్ని సర్వే నడుస్తుండగానే తెరిచారు. పైరాళ్ళు ఒక్కొక్కటే తీసి, ఇసుక బ్రష్షుతో దులిపేసరికి... లోపల మనిషి. పక్కకి తిరిగి, మోకాళ్ళు గడ్డానికి ముడుచుకుని పడుకున్నాడు. మెడ దగ్గర నాలుగు గవ్వలు.

మేడం బ్రష్షు పక్కన పెట్టింది.

"ఇతని పేరు మనకి తెలీదు విద్యాసాగర్ గారూ," అంది తర్వాత. "మనం ఇచ్చే నంబరే పేరు. నంబరు పడకుండా డోజర్ వెళ్ళిపోతే... ఈ మనిషి అసలు పుట్టనే లేదు."

విద్యాసాగర్‌కి ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకున్న మాటని కూడా మనిషి ఎంత తేలిగ్గా మర్చిపోతాడో చూడండి.

చివరి రోజు పొద్దున్న పదింటికి నలభై లైన్లు పూర్తయ్యాయి. ఎండాకాలం పది నుంచి మూడున్నర దాకా బయట పని చేయించకూడదు. మిగిలింది ఒక్క లైను. మిట్ట అవతల, ఒక మజ్రా గోడ పక్కగా పోయే నలభై ఒకటో లైను. మజ్రా అంటే అరబ్బుల తోట. ఖర్జూరం చెట్లూ, మేకలదొడ్డీ, నడిమధ్య ఒక పెద్ద ఇల్లూ. ఆ ఇంట్లో వంట చేసే లూర్దమ్మ గోదావరి మనిషి. పొద్దున్నపూట వీళ్ళిద్దరికీ చల్లటి మజ్జిగ ఇచ్చేది. ఆ రోజు కూడా ఇచ్చింది.

మేడం దోహా వెళ్ళాలి. "మూడున్నర తర్వాత ఆ ఒక్కటీ మీరు నడిచేయండి," అంది.

"అలాగేనండి."

క్యాంపుకి వచ్చి అన్నం తిని పడుకున్నాడు. మూడుంబావుకి అలారం మోగింది. బయట నలభై ఏడు డిగ్రీలు. గదిలో ఏసీ. కర్ర తలుపు వెనకాల నిలబెట్టి ఉంది. దాన్ని ఒకసారి చూశాడు... అటు తిరిగి పడుకున్నాడు.

సాయంత్రం ఆరింటికి కంప్యూటరు ముందు కూర్చుని నింపాడు. లైను నలభై ఒకటి — నడిచాను. ఏమీ లేదు. కింద సంతకం.

అంతే. దొంగతనం కాదు, హత్యా కాదు. ఒక మనిషి అటు తిరిగి పడుకున్నాడు.

పది రోజులు తిరక్కుండానే దీపం కథ మొదలైంది. తర్వాత రాళ్ళ చప్పుడు. విద్యాసాగర్ మామూలుగా అడిగినట్టు అడిగేవాడు — "ఎక్కడ కనపడిందట?" ఎవరిని అడిగినా ఒకటే జవాబు. మజ్రా గోడకి ఇవతల.

ఇంకేమీ అడక్కుండా వెళ్ళిపోయేవాడు. దెయ్యం భయం కాదు. లేదా, ఉత్త దెయ్యం భయం కాదు. అక్కడ ఏదో ఉంది, అదేదో తనని పిలుస్తోంది అనిపించేది. వెళ్ళి నడవొచ్చు గదా? నడవొచ్చు. నడిస్తే కనపడుతుందేమో. కనపడితే సంతకం అబద్ధం. సర్వేయరు సంతకం అబద్ధమైతే ఉద్యోగం ఉండదు, ఉద్యోగం పోతే వీసాలు పోతాయి, తెరెసా పిల్లని నడి చదువులో స్కూలు మాన్పించి విమానం ఎక్కాలి. చూడకపోతే లేనట్టే అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. జూలై, ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు... అలాగే సర్దిచెప్పుకున్నాడు.

నవంబరు రెండో తారీకు పొద్దున్న సైటు ఇన్‌చార్జి జేమ్స్ కబురు పెట్టాడు. ఇతనిదీ పాత కృష్ణా జిల్లాయే, కైకలూరు.

"అన్నా, తవ్వకాలు అయిపోయినయ్, కాయితం వచ్చేసింది. రేపు పొద్దున్నే ఐదింటికి డోజర్ మిట్ట దాటుద్ది. గోడ వైపు పచ్చమేకులు ఇవ్వాళే పడిపోవాల. యల్లా, పదపద!"

రోజంతా విద్యాసాగర్ ఏవో పనులు కల్పించుకున్నాడు. లెవెళ్ళు మళ్ళీ చూశాడు, చూసిన కాయితాలే మళ్ళీ చూశాడు. ప్రతి కాయితం మీదా నవంబరు రెండు అని తారీకు వేశాడు. ఐదు కాకముందే పొద్దు కుంకింది. మేకుల సంచీ, సుత్తీ బండిలో పడేసుకుని బయల్దేరేసరికి చీకటి మూసుకొచ్చింది.

గేటు దగ్గర వాచ్‌మన్ గయాజ్ అడ్డం వచ్చాడు. జగిత్యాల మనిషి, అయిదు పూటలా నమాజు చేస్తాడు.

"మిట్ట దాటి పోతున్నవా సార్? గిప్పుడా?"

"మేకులు కొట్టాలి గయాజ్ భాయ్."

"నేను ఒట్టిగ చెప్తలేను సార్..." గొంతు తగ్గించాడు. "శుక్రారం శుక్రారం దీపం కనవడ్తది. నా కండ్లతోని చూసిన. ఉత్త జాగల జిన్నులుంటయ్. రేపు పొద్దుగాల కొట్టరాదు?"

"రేపు ఐదింటికే డోజర్."

గయాజ్ కాసేపు ఆలోచించాడు. "అయితె ఇంజన్ బంద్ చెయ్యకు. బండి దిగితె లైట్లు ఏసే ఉంచు. మనకు ఎర్కలేనోళ్ళ జాగ సార్ అది... సలాం చెప్పి పో."

విద్యాసాగర్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

మిట్ట ఎక్కాక క్యాంపు దీపాలు వెనక మాయమయ్యాయి. దిగువన ఏమీ లేదు... హెడ్‌లైట్లు పడ్డంత మేర బూడిదరంగు నేల, ఆ తర్వాత నలుపు. దూరంగా మజ్రా గోడ ఉందని తెలుసు, కనపడలేదు. ఎప్పుడూ ఆ ఇంటి దీపాలైనా కనపడేవి. ఇవాళ అవీ లేవు.

బండి ఆపాడు. ఇంజన్ ఆపలేదు. సుత్తి తీసుకుని దిగాడు.

మొదటి మేకు. ఠంగు... ఠంగు... రెండో మేకు. కళ్ళు మేకు మీదే పెట్టుకున్నాడు. గోడ వైపు చూడకూడదని ఒట్టు పెట్టుకున్నవాడిలా వంగి కొట్టుకుంటూ పోతున్నాడు. ఈ మేకుల గీతకి అవతల అడుగు పెట్టక్కర్లేదు, పది మేకులు కొట్టేసి వెళ్ళిపోవడమే.

నాలుగో మేకు కొట్టి సుత్తి దించాడు.

టక్.

చెయ్యి ఆగిపోయింది. తన సుత్తి చప్పుడు కాదది. ఇనుము మీద ఇనుము అలా మోగదు. అది రాయి మీద రాయి.

టక్... కాస్త ఆగి... టక్.

మెల్లగా తలెత్తాడు.

చీకట్లో, వంద అడుగుల దూరంలో, నేలకి జానెడు ఎత్తున — దీపం. పసుప్పచ్చగా, చిన్నగా. ఉత్తరపు గాలికి అతని చొక్కా టపటపా కొట్టుకుంటోంది. దీపం మాత్రం వణకడం లేదు.

పరిగెత్తాలి అనుకున్నాడు. పరిగెత్తలేదు. ఎందుకంటే ఆ దీపం ఉన్న చోటు అతనికి తెలుసు. మ్యాపులో వేలు పెట్టి చూపించగలడు. సరిగ్గా నలభై ఒకటో లైను మీద.

అప్పుడు వినపడింది గొంతు.

ఆడమనిషి గొంతు. గుసగుసగా, ఆగకుండా, ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు. గాలి ఇటు తిరిగినప్పుడల్లా ఒక్కో ముక్క వచ్చి చెవిలో పడుతోంది. అరబ్బీ కాదు. హిందీ కాదు...

తెలుగు.

"...వీళ్ళకి... నిత్య విశ్రాంతి..."

రెండు వేల ఏళ్ళనాటి ఎడారి దెయ్యం తెలుగులో మాట్లాడుతోంది! మీరైతే ఏం చేసేవాళ్ళో గానీ, విద్యాసాగర్ అక్కడే గొంతుకూర్చున్నాడు. తనకి అర్థమయ్యే భాషలోనే వచ్చింది అనుకున్నాడు. తన కోసమే వచ్చింది. నాలుగు నెలలు ఆగి, ఇంకా వస్తాడేమో అని చూసి, ఆఖరి రాత్రికి భాష నేర్చుకుని మరీ వచ్చింది.

"నేను నడవలేదు," అన్నాడు చీకటితో. పెదాలు మాత్రమే కదిలాయి. "తప్పే... నడవలేదు..."

గొంతు ఆగిపోయింది.

దీపం పక్కన నేల మీంచి ఏదో లేచింది. తలనిండా ముసుగు. నల్లగా, పొట్టిగా. హెడ్‌లైట్ల వెలుగు అంచుకి రెండడుగులు వేసి ఆగింది.

"ఎవరయ్యా అక్కడ?" అంది. "ఎవరది... సాగర్ తమ్ముడివేనా?"

మజ్రాలో వంట చేసే లూర్దమ్మ.

విద్యాసాగర్‌కి నవ్వో ఏడుపో తెలీనిది ఒకటి తన్నుకొచ్చింది. అలాగే నేల మీద చతికిలబడ్డాడు. లూర్దమ్మ పరిగెత్తుకొచ్చి భుజం పట్టుకు కుదిపింది.

"ఏటయ్యా, ఒళ్ళంతా చెమటేంటి? నన్ను చూసి జడుసుకున్నావా? అయ్యో నా మతి మండా!"

"అక్కా... నువ్వేంటక్కా ఇక్కడ, ఈ చీకట్లో?"

"అదేం ప్రశ్న? తారీకు ఎంత ఇయ్యాళ?"

నవంబరు రెండు. పొద్దుటి నుంచి పాతిక కాయితాల మీద రాశాడు. సమాధుల పండగ! క్రైస్తవులు చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించే రోజు. ఊళ్ళో ఈ వేళకి సమాధులకి సున్నం వేసి, బంతిపూలు చల్లి, వరసగా కొవ్వొత్తులు వెలిగించి ఉంటారు. అమ్మానాన్నల సమాధుల దగ్గర తమ్ముడు వెలిగించి ఉంటాడు. చిన్నప్పటి నుంచీ ఎరిగిన వెలుగుని చూసి దెయ్యం అనుకున్నాడు. కొవ్వొత్తి వణక్కపోవడానికి కారణం కూడా ఇప్పుడు కనపడింది — పచ్చడి సీసాలో పెట్టి వెలిగించింది.

"ఇంట్లోవాళ్ళంతా పెళ్ళికని దోహా ఎల్లారు," అంది లూర్దమ్మ. "శుక్రారం కూడా ఎల్తారుగా, అప్పుడొచ్చి ఒకటి వెలిగించి పోతుంటా. జారిపోయిన రాళ్ళుంటే పైన పేరుస్తా. నీతో చెప్తే తప్పేముంది గానీ, ఇంకెవరితోనూ అనకు, నన్ను పంపించేస్తారు."

శుక్రవారం దీపం, రాళ్ళ చప్పుడు, గయాజ్ జిన్ను... అంతా ఈవిడేనన్నమాట. విద్యాసాగర్ గుండె నెమ్మదించింది. కళ్ళు తుడుచుకుని లేచాడు.

లేచి, దీపం వైపు చూశాడు.

"దేనికి వెలిగిస్తున్నావక్కా?"

"సమాధికి. ఇంక దేనికి?"

టార్చి తీసి దగ్గరికి వెళ్ళాడు. నడుము ఎత్తు లేని రాళ్ళ కుప్ప. అడుగున పెద్దరాళ్ళు గుండ్రంగా పేర్చి ఉన్నాయి, మధ్యలోకి ఒక పలక వాలి ఉంది. అలాంటివి ఇరవై మూడు చూశాడు. ఇప్పుడు అతనికి ఇంద్రజ మేడం చెప్పక్కర్లేదు. పక్కనే దానికి ఆనుకుని ఇంకొకటి — మోకాలెత్తు కూడా లేదు. అంత చిన్న సమాధి ఎవరికి కడతారో చెప్పడానికి చదువు అక్కర్లేదు.

"తల్లీపిల్లలనుకుంటా," అంది లూర్దమ్మ మెల్లగా. "మా ఆయన సమాధి ఊళ్ళో ఉంది. ఏడేళ్ళయింది నేను వెలిగించి. ఎవరో ఒకళ్ళు వెలిగిస్తార్లే, పది మంది ఉన్న ఊరు. వీళ్ళకెవరున్నారు? అందుకని..." ముక్కు చీదుకుంది. "నా వంతు ఇక్కడ తీర్చుకుంటున్నా."

విద్యాసాగర్ తను కొట్టిన పచ్చమేకుల వైపు చూశాడు. పొద్దున్న ఐదింటికి డోజర్. ఈ పక్కకి అది ఆగదు. ఈ తల్లీ, ఈ పిల్లా కంకర అయిపోయి ఏ రోడ్డు కిందకో పోతారు. ఆ పని తన సంతకమే చేస్తుంది.

ఇంకోదారి ఉందేమో అని ఆలోచించాడు. ఉన్నమాట దాచడమెందుకు, ఆలోచించాడు. ఇప్పుడే కొత్తగా దొరికింది అని చెప్పొచ్చు. గాలికి ఇసుక కొట్టుకుపోయి బయటపడింది అని చెప్పొచ్చు. మేడం నమ్ముతుంది, ఆవిడకి తనంటే నమ్మకం. ఆ నమ్మకం గుర్తుకొచ్చేసరికి సిగ్గుతో ఒళ్ళు కాలిపోయింది.

ఫోన్ తీశాడు.

"మేడం... విద్యాసాగర్ని. మిట్ట అవతల రెండు సమాధులున్నాయండి. నలభై ఒకటో లైనులో."

"నలభై ఒకటా?" అవతల కాయితాలు తిప్పిన చప్పుడు. "అందులో ఏమీ లేదని రాశారు కదా."

"రాశానండి. నడవలేదు."

"...అంటే?"

"ఆ రోజు నేను గదిలో పడుకున్నానండి. అసలు రానే లేదు ఇక్కడికి. నడిచానని రాసి సంతకం పెట్టాను."

మేడం కాయితాలు పక్కన పడేసిన చప్పుడు.

"తెల్లారి నాలుగింటికి అక్కడుంటాను," అంది మేడం. గొంతు మారిపోయింది. "నేను వచ్చేదాకా డోజర్ కదలకూడదు. జేమ్స్‌తో నేను మాట్లాడతా. మీ సంగతి... నా చేతిలో లేదు విద్యాసాగర్ గారూ. ఉన్నదున్నట్టు రాయాలి నేను."

"రాయండి మేడం."

ఫోన్ పెట్టేశాడు. భయం పోలేదు. తెరెసాకి ఏం చెప్పాలో తెలీదు. కానీ నాలుగు నెలల నుంచి గుండెల మీద కూర్చున్నదేదో లేచి అవతలకి పోయింది. బండిలోంచి రెండు ఎర్రజెండాలు తెచ్చి, పెద్దదాని దగ్గర ఒకటి, చిన్నదాని దగ్గర ఒకటి పాతాడు. ఇరవై నాలుగు. ఇరవై ఐదు. కొట్టిన పచ్చమేకులు నాలుగూ పీకేశాడు.

లూర్దమ్మ ఇంతసేపూ చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది. కొవ్వొత్తి వెలుగులో ఆవిడ మొహం చిన్నబోయి ఉంది.

"తమ్ముడూ, ఒక మాటడుగుతా ఏమనుకోకు," అంది. "మేడంతో అంత అబద్ధం ఎందుకు చెప్పావు?"

"అబద్ధమా? ఏం అబద్ధం అక్కా?"

"ఇక్కడికి రానే లేదన్నావుగా. గదిలో పడుకున్నానని. ఉద్యోగం పోయే మాట ఎవరైనా నోటితో అనుకుంటారా? కావాలంటే నేనొచ్చి సాక్ష్యం చెప్తాను. నా కళ్ళతో చూశాను గదా నువ్వు నడవడం."

విద్యాసాగర్‌కి అర్థం కాలేదు. "ఎప్పుడు?"

"అదేనయ్యా, మీరు ఆఖరిసారి మజ్జిగ తాగెళ్ళిన రోజు. అసరు నమాజు పిలుపు అయిపోయింది, మూడున్నర దాటుంటుంది. మేడ మీద ఆరేసిన బట్టలు తీస్తున్నా. చూస్తే నువ్వు. తలకి గుడ్డ చుట్టుకుని, చేతిలో కర్రతో, ఒక్కడివే. నేల చూసుకుంటా అటు కొస దాకా ఎల్లావు, మళ్ళీ ఇటొచ్చావు. ఆ ఎండలో ఇంకెవరు నడుస్తారు నువ్వు కాక? తమ్ముడూ అని కేకేశాను కూడా."

విద్యాసాగర్ ఆ మధ్యాహ్నాన్ని గుర్తు చేసుకున్నాడు. ఆ వేళకి కర్ర తలుపు వెనకాల ఉంది. తను గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"తర్వాత?"

"తర్వాతేముంది, ఇక్కడికొచ్చి కూర్చున్నావు. ఎంతసేపటికీ లేవలేదు. వడదెబ్బ తగిలిందేమోనని మంచినీళ్ళ బాటిలు పట్టుకుని పరిగెత్తుకొచ్చా. వచ్చేసరికి నువ్వు లేవు. ఈ రాళ్ళున్నాయి. అప్పుడేగా నేను వీటిని చూడ్డం."

గాలి ఒక్కసారి ఆగింది. ఇంజన్ చప్పుడు దూరంగా గురగురమంటోంది.

"మళ్ళీ వస్తావేమోనని బాటిలు ఈ పలక మీదే పెట్టి ఎల్లిపోయా. పొద్దుగూకాక వచ్చి చూస్తే చుక్క లేదు. మూత తిరిగి బిగించి, పెట్టినచోటే పెట్టుంది." లూర్దమ్మ అతని మొహంలోకి చూసింది. చూసి, ఒక అడుగు వెనక్కి వేసింది.

"తాగింది నువ్వే గదా... తమ్ముడూ?"